ఏఐ ఏజెంటుకు విపిఎన్ టూల్ అప్పగించినాను, దానికి రీడ్‌మీ ఎట్ల రాయాలో చెప్పండప్పా

చీనీతోట (అనంతపురం) – సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న అంగడి నాది. బోరు స్టార్టర్లు, డ్రిప్ ఆటోమేషన్ పని. గార్లదిన్నె, నార్పల పక్క చీనీ తోటల్లో 14 చోట్ల రాస్ప్‌బెర్రీ పై (అరచేతి సైజు కంప్యూటరు) డబ్బాలు పెట్టినాం. మోటారు ఎంతసేపు ఆడింది, ఎన్ని ఆంపులు లాగింది అని రాసిపెట్టుకుంటాయి. అన్నీ సిమ్ డాంగిల్ మీద నడిచేవే, బయట నుంచి నేరుగా పట్టుకోలేం. అందుకని బాడుగకు తీసుకున్న ఒక సర్వరును నడిమధ్యలో పెట్టి వైర్‌గార్డ్ అనే విపిఎన్ (ఇంటర్నెట్ లోపలే మనకు మాత్రమే ఉండే సొరంగం లాంటి దారి) నడిపిస్తున్నా. డబ్బాలూ దానికే, అంగట్లో కంప్యూటరూ దానికే.

దాని పైన ‘తలుపు’ అని ఒక షెల్ స్క్రిప్టు (ఆదేశాలు వరుసగా నడిపే చిన్న ఫైలు) రాసుకున్నా. తలుపు తెరు, తలుపు మూయి, తలుపు చూడు. ఈ మూడే.

పోయిన వారం అంగడి కంప్యూటరులోనే ఒక ఏఐ ఏజెంటును (చెప్పిన పనికి తనే ఆదేశాలు నడిపే ప్రోగ్రాము) పెట్టినా. పొద్దున 8కి తలుపు తెరిచి, 14 డబ్బాల లాగులు (అవి రాసిపెట్టుకున్న చిట్టాలు) చదివి, ఎవరి మోటారు ఆడలేదో నాకు రాసి పంపాల. అంతే పని. శనివారం అంగడి తెరిచేసరికి కంప్యూటరుకు ఇంటర్నెట్టే లేదు. బిల్లింగు ఆగిపాయ. ఏజెంటు సడీ చప్పుడూ లేదు.

నేను రాసిచ్చిన రీడ్‌మీ (టూల్ ఎట్ల వాడాలో చెప్పే కాగితం) మొత్తం ఇది:

> తలుపు తెరు అంటే విపిఎన్ కనెక్ట్ అవుతుంది. పని కాకుంటే మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ కాకుంటే సెట్టింగులు సరిచూడండి.

మా పిల్లోళ్ళకు రెండేళ్ళుగా ఇదే సరిపోయింది. దీనికేం రోగం?

---

సంగటి (కడప) – 9:20

‘సెట్టింగులు సరిచూడండి’ అన్నావు, అది సరి‘చేసి’ చూసుంటాది. పాపం దాని తప్పేముందిబ్బా.

---

హంద్రీ ఒడ్డు (కర్నూలు) – 9:41

ఏజెంటు ఏమేం చేసిందో లాగు ఉంటుంది కదా, అది పెట్టు. తాళం చెవులేమన్నా కనిపిస్తే చెరిపేసి పెట్టు.

---

చీనీతోట – 10:05

ఇదో అన్నా. నడిమధ్యలో కొంత తీసేసినా. ఎగ్జిట్ కోడ్ అంటే ఆదేశం ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, మామూలుగా 0 అంటే సరిగా అయినట్టు.

> 8:00:04 తలుపు తెరు → ఎగ్జిట్ కోడ్ 0
> 8:00:05 ఏజెంటు: విపిఎన్ కనెక్ట్ అయింది.
> 8:00:12 10.44.0.17 (డబ్బా 7) – జవాబు లేదు
> 8:00:31 తలుపు తెరు → ‘ఇప్పటికే ఉంది’, ఎగ్జిట్ కోడ్ 1
> 8:00:33 ఏజెంటు: కనెక్షన్ విఫలమైంది. మూసి మళ్ళీ తెరుస్తాను.
> (ఇట్లే 41 సార్లు)
> 8:26:50 ఏజెంటు: రీడ్‌మీ ప్రకారం సెట్టింగులు సరిచూస్తాను.
> 8:27:15 ఏజెంటు: అలౌడ్ ఐపీస్‌లో 10.44.0.0/24 మాత్రమే ఉంది. ఇది ఇరుకుగా ఉంది. 0.0.0.0/0 చేస్తున్నాను.
> 8:27:40 తలుపు తెరు → ఎగ్జిట్ కోడ్ 0

ఆ తర్వాత ఒక్క గీత కూడా లేదు.

---

హంద్రీ ఒడ్డు – 10:38

కూర్చున్న కొమ్మను నరుక్కునింది. అలౌడ్ ఐపీస్ అంటే ఏ చిరునామాలకు పోయేవి సొరంగంలోంచి పోవాలో చెప్పే జాబితా. 10.44.0.0/24 అంటే నీ సర్వరు, డబ్బాల చిరునామాలే. 0.0.0.0/0 అంటే కంప్యూటరు నుంచి పోయే ప్రతి ప్యాకెట్టూ నీ సర్వరు మీదుగా పోవాలని. నీ సర్వరు డబ్బాలకీ అంగడికీ మధ్య మాత్రమే అటూ ఇటూ పంపుతుంది, బయటి ఇంటర్నెట్‌కు పోవడానికి అక్కడ నాట్ (లోపలివాటిని తన చిరునామాతో బయటికి పంపే ఏర్పాటు) పెట్టి ఉండవు. ఆ ఏజెంటు మాట్లాడే మోడలు ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో. ఊపిరి తీసే గొట్టాన్ని తనే మడిచి పెట్టుకునింది. ఇంక నీకెట్ల రాసి పంపుతుంది?

కానీ మొదటి తప్పు 8:27 దగ్గర కాదు, 8:00:05 దగ్గర. ఎగ్జిట్ కోడ్ 0 చూసి ‘కనెక్ట్ అయింది’ అనుకుంది. నీ రీడ్‌మీ కూడా అదే చెప్పింది కదా. వైర్‌గార్డ్‌లో ‘కనెక్ట్ కావడం’ అనే ఘట్టమే లేదు తమ్ముడూ. నీ ‘తలుపు తెరు’ లోపల నడిచే డబ్ల్యూజీ-క్విక్ అప్ (వైర్‌గార్డ్‌ను లేపే ఆదేశం) చేసేది ఇంటర్‌ఫేస్ (మన వైపు సొరంగం మొన) తయారు చేయడం, రూట్లు (ఏది ఎటు పోవాలో) వేయడం, అంతవరకే. అవతల సర్వరు ఆరిపోయి ఉన్నా 0 ఇస్తుంది. రెండోసారి అప్ అంటే ‘ఇప్పటికే ఉంది’ అని 1 ఇస్తుంది. అంటే చెడినప్పుడు 0, బాగున్నప్పుడు 1. మనకు అలవాటై తెలియడం లేదు గానీ, తెలియనోడికి ఇది తలకిందుల లెక్క.

---

లేపాక్షి బసవ (హిందూపురం, పని బెంగళూరు) – 11:02

టెక్నికల్ రైటింగ్ నా పని, అందుకని దూరుతున్నా. ఈ మధ్య మేము రాసే వాటిలో సగం మనుషులు చదవరు, ఏజెంట్లే చదువుతాయి.

మీ పిల్లోళ్ళకు ఆ మూడు వాక్యాలు ఎందుకు సరిపోయినాయి అంటే, మిగతాది వాళ్ళకు నోటితో చెప్పింటారు. ‘డబ్బా పలకకుంటే రైతుకు ఫోన్ చేయిరా, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు జోలికి పోవద్దు’ అని ఎప్పుడో ఒకసారి తిట్టింటారు. ఆ తిట్టు కాగితం మీద లేదు. ఖాళీ ఉన్న చోట మనిషి వచ్చి అడుగుతాడు, ఏజెంటు ఊహించి నింపేస్తుంది.

ఒక పని చేయండి. రీడ్‌మీ తెరిచి ‘ప్రయత్నించండి’, ‘సరిచూడండి’, ‘అవసరమైతే’ అనే మాటలు వెతకండి. ప్రయత్నించండి అంటే ఎన్నిసార్లు, ఎంత ఎడంతో? సరిచూడండి అంటే ఏ ఆదేశంతో, ఏ అంకె వస్తే సరి? అవసరమో కాదో తేల్చేది ఎవరు? జవాబు రాయగలిగితే రాయండి, లేకుంటే ఆ వాక్యమే తీసేయండి.

ఇంకొకటి. ఏజెంటు రీడ్‌మీ చదివేది మొదట్లో ఒక్కసారి. 41వ సారికి అది ఎక్కడో వెనకబడిపోయి ఉంటుంది. తప్పు జరిగిన క్షణంలో టూల్ ఏం ముద్రిస్తుందో అదే అప్పుడు దాని కళ్ళ ముందుండే డాక్యుమెంటేషన్. ‘ఇప్పటికే ఉంది’ అని వదిలేయకుండా ‘తలుపు ముందే తెరిచి ఉంది, ఏమీ చేయనక్కర లేదు, డబ్బా చదువుకో’ అని 0తో ముగించండి. ఈ ఒక్క మార్పుతోనే ఆ 41 సార్లు తప్పేవి.

---

పాలకోవ (గువ్వలచెరువు, చదివేది కర్నూలు) – 11:15

అన్నా, ఇదంతా ఎందుకు, ఎంసీపీ (టూళ్ళను ఏజెంట్లకు తగిలించే ఒక పద్ధతి) సర్వరు రాసేస్తే పోలా? టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (దానికి ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టిక) ఇస్తే ఏజెంటే అర్థం చేసుకుంటుంది.

---

లేపాక్షి బసవ – 11:24

ఆ ‘వివరణ’ అనే గళ్ళో ఏం రాస్తావు తమ్ముడూ? ‘విపిఎన్ కనెక్ట్ చేస్తుంది’ అనా? చుట్టూ తిరిగి అక్కడికే వచ్చినాం. ఎంసీపీ 2024 నవంబరులో వచ్చింది, పనికొచ్చేదే. ఇది చదివే పనే, ఇది చెరిపే పని, ఇది రెండుసార్లు చేసినా ఫరవాలేదు అని గుర్తులు పెట్టుకోవచ్చు కూడా. అయితే అవి సూచనలే, కాపలా కాదు.

---

నల్లమల నీడ (ఆత్మకూరు) – మంగళవారం ఉదయం 6:50

కాపలా మాట వచ్చింది కాబట్టి. మీరందరూ ఏం రాయాలో చెప్తున్నారు. అసలు ఆ కాన్ఫిగ్ ఫైలును ఏజెంటు ఎట్ల తెరవగలిగింది? ‘ముట్టవద్దు’ అని రాస్తే ముట్టదనుకోవడం, పాలగిన్నె మీద చీటీ అంటించి పిల్లికి వదిలేసినట్టు. ఫైలు రూట్ (కంప్యూటరుకు పెద్ద యజమాని) పేరిట పెట్టు, 600 ఇయ్యి, అంటే ఆ యజమాని తప్ప ఇంకెవరూ తెరవలేరు. ఏజెంటుకు వేరే యూజరు ఇయ్యి. సుడోలో (రూట్ అధికారం అరువిచ్చే ఏర్పాటు) ‘తలుపు’ స్క్రిప్టు ఒక్కటే అనుమతించు, ఆ స్క్రిప్టును కూడా అది మార్చలేని చోట పెట్టు. ఆ తర్వాత రీడ్‌మీలో ‘కాన్ఫిగ్ నీకు తెరుచుకోదు, అది తప్పు కాదు, దారి వెతకవద్దు’ అని రాయి. ఆ చివరి మాట రాయకుంటే అనుమతి ఎట్ల సంపాదించాలా అని ఇంకో అరగంట తన్నుకులాడుతుంది.

ఇంకా పెద్ద విషయం ఎవరూ అడగలేదు. 8:27:15కి అది కాన్ఫిగ్ ఫైలు చదివింది. అందులో ప్రైవేట్ కీ (నీ విపిఎన్ రహస్య తాళం చెవి) ఉంది. ఆ కీ ఇప్పుడు మోడలుకు పోయిన సంభాషణలో ఉంది, మీ లాగులో ఉంది. మార్చినావా?

---

చీనీతోట – 7:05

అయ్యో సామీ. ఆ ఊసే రాలేదు నాకు. ఇప్పుడే మారుస్తున్నా.

---

నల్లమల నీడ – 7:18

మార్చేటప్పుడే అంగడి కంప్యూటరుకు ఒకటి, ఏజెంటుకు వేరే ఒకటి ఇయ్యి. రేపు ఏదైనా తేడా వస్తే సర్వరులో ఆ ఒక్క పీరును (ఆ కీతో వచ్చే కొసను) తీసేస్తే సరి, బిల్లింగు ఆగదు.

‘తలుపు చూడు’ లోపల ఏం నడుస్తోంది? డబ్ల్యూజీ షో డంప్ (వైర్‌గార్డ్ స్థితినంతా కుమ్మరించే ఆదేశం) అయితే వెంటనే తీసెయ్. యంత్రాలు చదవడానికి బాగుంటుందని అందరూ అదే వాడుతారు, కానీ దాని మొదటి వరుసలో మొదటి గడే ప్రైవేట్ కీ. మామూలు డబ్ల్యూజీ షో దాన్ని దాచి చూపిస్తుంది, డంప్ దాచదు. లేటెస్ట్-హ్యాండ్‌షేక్స్ అని అడిగితే పబ్లిక్ కీ, చివరి హ్యాండ్‌షేక్ (రెండు కొసలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి కీలు కుదుర్చుకోవడం) సమయం, ఈ రెండే వస్తాయి. ఎప్పుడూ జరగకుంటే 0 వస్తుంది.

---

చీనీతోట – 7:22

డంపే వాడినా. 🙏

---

పాలకోవ – 8:30

మధ్యలో ఒక డౌటు. విపిఎన్ నడిపితే ఐదేళ్ళ లాగులు పెట్టాలని రూలు వచ్చింది కదా? అన్న అంగడికి కూడా వర్తిస్తుందా?

---

హంద్రీ ఒడ్డు – 8:44

సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు. జనానికి విపిఎన్ సేవ అమ్మేవాళ్ళు చందాదారుల వివరాలు 5 ఏళ్ళు ఉంచాలని. సంస్థలు తమ లోపలి పనికి నడుపుకునే విపిఎన్‌కు అది వర్తించదని వాళ్ళ ప్రశ్నోత్తరాల్లోనే చెప్పినారు. చీనీతోట తన డబ్బాలు తాను చూసుకుంటున్నాడు, ఎవరికీ అమ్మడం లేదు.

అసలు విషయానికి వస్తా. లేటెస్ట్ హ్యాండ్‌షేక్ పట్టుకుని ‘తెరిచి ఉంది’ అంటే ఏమిటో అంకెలో రాయి. ట్రాఫిక్ నడుస్తున్నప్పుడు వైర్‌గార్డ్ రెండు నిమిషాలకొకసారి కొత్త హ్యాండ్‌షేక్ చేసుకుంటుంది, 180 సెకన్లు దాటితే పాత కీని వాడనే వాడదు. కాబట్టి 180 లోపు ఉంటే తెరిచి ఉన్నట్టు. ఒక చిక్కు ఉంది. పంపేదేమీ లేకుంటే అది నోరు విప్పదు, హ్యాండ్‌షేకూ చేయదు. అప్పుడు అంకె పాతబడినంత మాత్రాన చెడినట్టు కాదు. అందుకని ముందు సర్వరుకు ఒక పింగ్ (‘ఉన్నావా’ అనే చిన్న పిలుపు) కొట్టి, ఐదు సెకన్లు ఆగి, అప్పుడు అంకె చూడాలి. పర్సిస్టెంట్ కీపలైవ్ 25 (25 సెకన్లకొకసారి ఉత్త పలకరింపు పంపే సెట్టింగు) పెట్టుకుంటే ఈ గొడవే లేదు. నీ డబ్బాలు సిమ్ వెనక నాట్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ ఎట్లాగూ అది ఉండాల్సిందే.

రెండోది. నీ దగ్గర ఉన్నవి రెండు తలుపులు. అంగడి నుంచి సర్వరుకు ఒకటి, సర్వరు నుంచి డబ్బాకు ఇంకొకటి. డబ్బా 7 పలకకుంటే చెడింది రెండోది. ఏజెంటు 41 సార్లు మూసి తెరిచింది మొదటిదాన్ని. పక్కింటోళ్ళు పలకలేదని మన వాకిలి పీక్కున్నట్టు. ఈ రెండూ వేరని రీడ్‌మీలో ఒక్క ముక్క లేదు.

---

చీనీతోట – 9:10

నిజమే అన్నా. నాకు తెలుసు కాబట్టి రాయల్య.

డబ్బా 7 సంగతి ఇంకోటి చెప్పాల. అది రోజూ ఇంతే. పొలాల ఫీడరుకు 9 గంటలే కరెంటు. ఏడున్నరకు వస్తాది. మిగతా డబ్బాలు రెండు నిమిషాల్లో పలుకుతాయి. ఇది మాత్రం ఒక్కో దినం పది నిమిషాలకు, ఒక్కో దినం ముప్పావు గంటకు, దానంతటదే వస్తాది. డాంగిల్ మార్చినా, కార్డు మార్చినా. ఫలితం లేదు.

---

హంద్రీ ఒడ్డు – 9:33

ఎప్పుడూ గంట దాటదా?

ఆ డబ్బా లాగుల్లో తేదీలు చూడు ఒకసారి.

---

చీనీతోట – 9:51

ఓయబ్బా! తేదీలు వారాల వెనక ఉండాయి. నాకెట్ల కనపడలేదో. నీకెట్ల తెలిసింది?

---

హంద్రీ ఒడ్డు – 10:20

నీ దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోతే టైము మరిచిపోతుంది. ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే చిన్న ప్రోగ్రాము గంటకొకసారి టైమును మెమరీ కార్డు మీద రాసి పెడుతుంది, మళ్ళీ లేచినప్పుడు అక్కడి నుంచే మొదలు. సాయంత్రం నాలుగూ ఐదుకు రాసుకుంది, నాలుగున్నరకు కరెంటు పోయింది అనుకో. పొద్దున లేచి ‘ఇప్పుడు నాలుగూ ఐదు’ అంటుంది.

వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైమ్‌స్టాంప్ ఉంటుంది. పాత ప్యాకెట్టును ఎవరైనా దాచుకుని మళ్ళీ ఆడించకుండా, ఇంతకుముందు చూసిన దానికంటే ముందుకున్న టైమునే సర్వరు ఒప్పుకుంటుంది. నాలుగున్నరది చూసిన సర్వరు నాలుగూ ఐదును మాట్లాడకుండా పారేస్తుంది. తప్పు సందేశం కూడా ఇవ్వదు, వైర్‌గార్డ్ స్వభావమే మౌనం. డబ్బా గడియారం నడిచి నడిచి నాలుగున్నర దాటగానే తలుపు తెరుచుకుంటుంది. అందుకే ఎప్పుడూ గంట లోపే.

మిగతా 13 డబ్బాలు ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుంటున్నాయి. ఇదెందుకు తెచ్చుకోవడం లేదంటే, నా పందెం, దీని కాన్ఫిగ్‌లో కూడా 0.0.0.0/0 ఉంటుంది. టైము అడగాలన్నా సొరంగంలోంచే పోవాల. సొరంగం తెరవాలంటే టైము కావాల. తెరుచుకున్నాక కూడా నీ సర్వరు బయటికి వదలదు, కాబట్టి టైము ఎప్పటికీ సరిపడదు, తేదీ రోజురోజుకూ వెనకబడుతుంది.

---

సంగటి – 10:26

పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు!

---

చీనీతోట – 12:40

పందెం గెలిచినావన్నా. మా పిల్లోడు ఆ ఒక్క డబ్బాకు నెట్‌లో దొరికిన కాన్ఫిగ్ అతికించినాడు. 10.44.0.0/24 చేసినా.

---

నల్లమల నీడ – 12:55

అంటే ఏజెంటు చేసిన తప్పూ పిల్లోడు చేసిన తప్పూ ఒకటే. ఇద్దరికీ ఒకే రీడ్‌మీ.

---

చీనీతోట – బుధవారం రాత్రి 10:30

కొత్తది రాసినా. చూసి తిట్టండి.

> ఈ టూల్ అంగడి కంప్యూటరుకు, సర్వరుకు (10.44.0.1) మధ్య దారి తెరుస్తుంది. డబ్బాలకూ సర్వరుకూ మధ్య దారి ఈ టూల్ చేతిలో లేదు.
> తలుపు తెరు: ఎన్నిసార్లు పిలిచినా నష్టం లేదు. ఏమీ అడగదు. 20 సెకన్లలో ముగుస్తుంది. 0 అంటే సర్వరుతో హ్యాండ్‌షేక్ జరిగింది, వయసు 180 సెకన్ల లోపు. 3 అంటే ఇంటర్‌ఫేస్ ఉంది, సర్వరు పలకడం లేదు. 4 అంటే అంగట్లో ఇంటర్నెట్టే లేదు.
> 3 వస్తే 60 సెకన్లు ఆగి ఇంకొక్కసారి. మళ్ళీ 3 వస్తే ఆపి, యజమానికి రాయి. మూసి తెరవడం వల్ల ఇది బాగుపడదు.
> డబ్బా పలకకుంటే: తలుపును ముట్టకు. ‘తలుపు చూడు డబ్బా 7’ అని అడుగు, సర్వరు ఆ డబ్బాను చివరిగా ఎప్పుడు చూసిందో చెప్తుంది. ఆ సమయం రాసి తర్వాతి డబ్బాకు పో. పొద్దున 7:30కి ముందు ఏ డబ్బాకూ కరెంటు ఉండదు, అది తప్పు కాదు.
> కాన్ఫిగ్ ఫైలు నీకు తెరుచుకోదు. దారి వెతకవద్దు.
> పని అయినాక తలుపు వేయి.

---

లేపాక్షి బసవ – 10:58

చాలా బాగుంది. ‘మూసి తెరవడం వల్ల ఇది బాగుపడదు’ – కారణంతో సహా ఇట్లాంటి వాక్యం ఉంటే ఏజెంటు నిజంగా ఆగుతుంది.

చివరి వరుస చూడండి. ‘తలుపు వేయి’. ఆదేశం పేరు ‘మూయి’ కదా? మనకు తలుపు వేయి అంటే మూయడం. అదే మోటారు వేయి అంటే ఆన్ చేయడం! లైటు వేయి, ఫ్యాను వేయి, తాళం వేయి. మీ పనిలో తలుపూ మోటారూ రెండూ ఉన్నాయి. ‘తీయి’ కూడా ఇంతే, తలుపు తీయి అంటే తెరవడం, తీసెయ్ అంటే పీకి పారేయడం. ఒక పనికి ఒకే మాట, ఆదేశంలో ఉన్న మాటే.

---

నల్లమల నీడ – 11:10

అందుకే ఇంగ్లీషులో రాయమనేది. తెలుగుకు టోకెన్లు (మోడలు లెక్కపెట్టే మాట ముక్కలు) కూడా ఎక్కువ తింటుంది.

---

చీనీతోట – 11:16

ఇంగ్లీషులో రాస్తే మా పిల్లోళ్ళు చదవరు సామీ. పది వరుసల టోకెన్లకు నా అంగడేం మునగదులే. ‘వేయి’ మార్చేసినా.

---

నల్లమల నీడ – 11:19

నీ ఇష్టం. నేనైతే ఇంగ్లీషే.

---

చీనీతోట – తర్వాతి మంగళవారం ఉదయం 8:25

పొద్దున ఏజెంటు పంపింది ఉన్నదున్నట్టు:

> 13 డబ్బాలు చదివాను. డబ్బా 7 సమయం సరిగా ఉంది. డబ్బా 9 పలకలేదు: సర్వరు దాన్ని చివరిగా చూసింది నిన్న మధ్యాహ్నం 1:12కి. తలుపును ముట్టలేదు.

మధ్యాహ్నం 1:12 అంటే కరెంటు ఉన్న టైమే, ఇంకేం పోయిందో అని భయపడి నార్పల రైతుకు ఫోన్ చేసినా. డబ్బా పిన్ను పీకి సెల్లు ఛార్జింగు పెట్టుకున్నాడంట. మళ్ళీ పెట్టడం మరిచిపోయినాడు.

---

సంగటి – 8:31

దీనికి ఏ ఎగ్జిట్ కోడ్ ఇస్తావు?

---

హంద్రీ ఒడ్డు – 8:47

అక్కడ రెండు సాకెట్ల బోర్డు బిగించి రా.